మా పొమేరియన్ చేసిన ఉపవాసాలు

పొమేరియన్ అంటే బొమ్మలాంటి కుక్క అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బొమ్మకి ఆకలి వెయ్యదు. సోఫా మీద కూర్చోబెడితే కూర్చుంటుంది, అలమరలో పెడితే అలమరలోనే ఉంటుంది. మా ఇంటికి వచ్చినది అలా పెట్టిన చోట ఉండే రకం కాదు. దాని సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. కోపం కొద్దీ రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను, దాని పేరు అసలే రాయను. దాని పేరు తలుచుకుంటే చెయ్యి ఆగిపోతోంది. ఇంట్లో ఎక్కువగా పిల్ల అనే పిలిచేవాళ్ళం కాబట్టి ఇక్కడా అదే.

మాది తాడేపల్లిగూడెం. చేపల మేత వ్యాపారం. తవుడు, నూనె తీసిన తవుడు, పత్తిచెక్క, వేరుశనగచెక్క మా గోడౌనులో దిగి, అక్కణ్ణుంచి కొల్లేటి చుట్టుపక్కల చెరువులకి లారీల్లో వెళ్తాయి. కింద గోడౌను, దుకాణం. పైన ఇల్లు. అన్ని ఊళ్ళ చేపలకి మేత పంపే మా ఇంట్లోకి చేప సంగతి అలా ఉంచండి, కోడిగుడ్డు కూడా రాదు. ఇందులో వింతేమీ ఉన్నట్టు మాకెవ్వరికీ అనిపించేది కాదు. నేను పుట్టి పెరిగింది జంగారెడ్డిగూడెంలో. పుట్టింట్లోనూ ఇదే పద్ధతి. ఇంట్లో అత్తయ్యగారు, మా ఆయన, నేను, మా అమ్మాయి. మావయ్యగారు పోయి చాలా ఏళ్ళయింది.

పదో తరగతిలో మంచి మార్కులొస్తే కుక్కపిల్లని కొంటానని మా ఆయన అమ్మాయికి మాటిచ్చారు. ఏలూరులో ఇంట్లోనే పొమేరియన్‌లని పెంచి అమ్మే ఒకావిడ ఉంటే వెళ్ళి తెచ్చుకున్నాం. ఆవిడ పిల్లని నా ఒళ్ళో పెడుతూ చాలా జాగ్రత్తలు చెప్పింది. కడుపు చిన్నది, కొంచెం కొంచెంగా రోజుకి నాలుగుసార్లు పెట్టాలని, గుడ్డో ఉడికించిన మాంసమో తప్పకుండా ఉండాలని, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచొద్దని. ఒక కాగితం కూడా ఇచ్చింది. మా ఆయన అన్నిటికీ తల ఊపారు. కారెక్కాక, మనుషులకే మూడుపూటలైతే దీనికి నాలుగా అని నవ్వారు. మనింటికొచ్చాక మనింటి తిండే అన్నారు. నేనూ నవ్వాను. ఆ సంగతి దాచిపెట్టి మిగతాదంతా రాస్తే ఈ కోపానికి అర్థం లేదు. ఆ కాగితం కారులోనే ఎక్కడో పడిపోయింది. ఎవరం వెతకలేదు.

పిల్ల తెల్లగా, కాస్త గోధుమరంగు కలిసి, గుప్పెడు దూదిలా ఉండేది. ఇంట్లోకి వచ్చిన రెండో రోజే ఇల్లు తనదని తేల్చుకుంది. కుక్కర్ కూస్తే అది అరిచేది. కుక్కర్ ఆగితే, గెలిచినట్టు వంటింటి గుమ్మం ముందు మూడు చుట్లు తిరిగేది. గోడౌను ముందు పదహారు చక్రాల లారీ ఆగితే మెట్లమీంచి ఉరికి వెళ్ళి దాని ముందు నిలబడి, వెనక్కి పొమ్మని గద్దించేది. డ్రైవర్లు నవ్వి చచ్చేవాళ్ళు. తాను ఎంత ఉంటుందో దానికి ఎప్పుడూ తెలియలేదు. తవుడు బస్తాల మీదికి ఎక్కి, పైనుంచి కిందికి, కిందనుంచి పైకి పరుగులు పెట్టి, ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి శుభ్రమైన పక్కమీద దొర్లేది. చెప్పు ఎత్తుకుపోయేది, తీసుకోబోతే ఇవ్వదు, ఊరుకుంటే తెచ్చి ముందు పడేసేది. నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తూ ఉండేది. అంత చిన్న ఒంట్లో అంత హుషారు ఎక్కడ పట్టిందా అని మా అమ్మాయి దాన్ని ఎత్తి ఊపి చూసేది.

ఇంకో సంగతి ఏమిటంటే, ఆ జాతి కుక్క ఇంట్లో అందరితోనూ ఆడుతుంది గానీ ఒక్కరినే తన మనిషిగా పెట్టుకుంటుంది. తెచ్చింది మా ఆయన. అడిగింది అమ్మాయి. కడిగి, తుడిచి, పెట్టేది నేను. అది ఎంచుకున్నది మాత్రం అత్తయ్యగారిని. ఆవిడ పొద్దున్న విష్ణు సహస్రనామం చదువుకుంటుంటే వచ్చి వీపు ఆవిడ పాదాలకి ఆనించి పడుకునేది. రోజు మొత్తం మీద అది కదలకుండా ఉండే సమయం అదొక్కటే. ఆవిడ మొదట్లో పాదాలు లాక్కునేవారు. తర్వాత లాక్కోవడం మానేశారు. తర్వాత, అది రావడం ఆలస్యమైతే చదవడం మొదలుపెట్టకుండా కూర్చునేవారు. ఆవిడకి దాని మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనను. ప్రేమ లేకపోతే ఇంత జరిగేది కాదు.

అమ్మాయి ఇంటర్మీడియట్‌కి విజయవాడ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. పిల్ల మాకు మిగిలింది. దాని అరుపుల గురించి పక్కింటివాళ్ళు ఒకసారి, ఎదురింటివాళ్ళు రెండుసార్లు చెప్పారు. అత్తయ్యగారికి అది తలవంపులుగా అనిపించింది. దాన్ని దారిలో పెడతానన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. ఆవిడకి తెలిసిన దారి ఒకటే ఉంది. నలభై ఏళ్ళుగా ఆవిడ శనివారం ఒంటిపూట, ఏకాదశికి పూర్తి ఉపవాసం. ఒంట్లో ఆరాటం తగ్గాలంటే కడుపు ఖాళీగా ఉంచాలని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే మావయ్యగారు పోయిన దుఃఖాన్ని దిగమింగారు, ఒళ్ళు నొప్పుల్ని దిగమింగారు. అదే మందు పిల్లకీ మొదలుపెట్టారు. మామూలు రోజుల్లో రెండుపూటలా పెరుగన్నం. శనివారం పన్నెండింటికి ఒక్కసారి. ఏకాదశికి తులసి తీర్థం.

మా ఇంటికి వచ్చినవాళ్ళకి ఇది ముచ్చటగా ఉండేది. మా కుక్క కూడా శనివారం ఒంటిపూటేనండీ అని మా ఆయన దుకాణంలో అందరికీ చెప్పేవారు. వినేవాళ్ళు ఆహా అనేవాళ్ళు. ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకుందో ఈ ఇంట్లో పడిందని ఒకరు, మనుషులు కూడా ఇంత నిష్ఠగా ఉండరని ఇంకొకరు. నేను దాని ఫొటో తీసి, తులసికోట ముందు కూర్చున్నది, మా చుట్టాల గ్రూపులో పెట్టాను. దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. అవి చూసి నేను మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

వర్షాకాలం వెళ్ళేసరికి పిల్ల మారిపోయింది. లారీ వస్తే తల ఎత్తి చూసి మళ్ళీ దించేది. కుక్కర్ కూసినా పట్టించుకునేది కాదు. బస్తాలు ఎక్కడం మానేసింది. చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. రోజంతా అత్తయ్యగారి గదిలో చాప మీద పడుకుని ఉండేది. దసరాకి వచ్చిన చుట్టాలు ఎంత బుద్ధిగా ఉందో అన్నారు. ఎదురింటివాళ్ళు వచ్చి మరీ మెచ్చుకున్నారు. అత్తయ్యగారి ముఖం వెలిగిపోయింది. నేను కూడా, పోనీలే, నెమ్మదించింది, పక్క దుప్పట్లు ఉతికే పని తగ్గింది అనుకున్నాను. దువ్వితే బొచ్చు చేతిలోకి వచ్చేసేది. కాలం మారింది కదా, రాలుతుందిలే అనుకున్నాను. అమ్మాయి వీడియో కాల్‌లో చూసి, అదేంటమ్మా, నా గొంతు విన్నా లేవట్లేదు అని అడిగింది. పెద్దదవుతోందిగా అన్నాను. దానికప్పటికి ఏడాది కూడా నిండలేదు.

కార్తీకమాసంలో ఒకరోజు కొల్లేటి ఊరి రైతు ఒకాయన మేత కోసం వచ్చాడు. చాలా ఏళ్ళుగా మా దగ్గరే తీసుకుంటాడు. వచ్చినప్పుడల్లా పిల్ల ఆయన పంచె పట్టుకుని లాగేది, ఆయన నవ్వుతూ దాంతో సరిసమానంగా వాదించేవాడు. ఆ రోజు పంచె ఎవరూ లాగలేదు. ఆయనే చుట్టూ చూసి, ఏదండి మా పోలీసు అని అడిగాడు. పిల్ల మెట్ల దగ్గర ఎండలో పడుకుని ఉంది. ఆయన దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. అత్తయ్యగారు పైనుంచి, దానికి బుద్ధొచ్చిందయ్యా, ఇప్పుడెవ్వరి జోలికీ పోదు అని చెప్పారు. ఆయన బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి పక్కటెముకలు తడిమి చూశాడు. లేచి నిలబడ్డాడు.

“పెద్దమ్మగారూ, ఏవనుకోకండి. చెరువులో కర్రకి మేత సంచి కడతాం కదండి, కట్టిన కాసేపటికి ఆ కర్ర ఊగిపోవాలండి. చేప వచ్చి కుమ్ముతా ఉంటే గోలగోలగా ఉండాలండి. కర్ర కదలకుండా చెరువు నిమ్మళంగా ఉందంటే ఆ పూట నాకు అన్నం దిగదండి. ఇది బుద్ధి కాదండి. ఆకలండి.”

అత్తయ్యగారు లోపలికి వెళ్ళిపోయారు. మా ఆయన మాట మార్చి తవుడు నాణ్యత గురించి ఎత్తుకున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నాకు ముందు ఆ రైతు మీదే కోపం వచ్చింది. మా ఇంటి సంగతి ఈయనకెందుకు అనుకున్నాను. ఆయన వెళ్ళాక పిల్లని ఎత్తుకున్నాను. చేతుల్లో బరువే లేదు. వేళ్ళకి ఎముకలు ఒక్కొక్కటీ తగిలాయి. ఎన్ని లారీల మేత ఈ గుమ్మం దాటి వెళ్తోంది. ఏ చేపకి ఏ వయసులో ఎంత పిండి, ఎంత చెక్క పెట్టాలో మా ఆయన నోటికి చెప్పేస్తారు. రెండు కేజీల ప్రాణికి ఏం పెట్టాలో కనుక్కోవాలని ఈ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. అప్పుడు రైతు మీద కోపం మా మీదికి తిరిగింది. అప్పట్నుంచి అది తిరిగిన వైపే ఉంది.

మర్నాడే ఏలూరులో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆయన రాలేదు, కారూ డ్రైవరూ పంపారు. డాక్టరు ఏం పెడుతున్నారని అడిగితే చెప్పాను. రోజుకి ఎన్నిసార్లని అడిగితే రెండుసార్లన్నాను. శనివారం ఒకసారి. ఏకాదశికి తీర్థం. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశాడు. నేను తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్నాను, ఆయన తిట్టలేదు. పెద్ద కుక్కకైతే ఒంట్లో నిలవ ఉంటుంది, ఒకరోజు తినకపోయినా తట్టుకుంటుంది, ఈ చిన్నజాతికి ఆ నిలవ ఉండదు, అందులోనూ ఇది ఎప్పుడూ ఎగురుతూ దూకుతూ ఉండే రకం, తిన్నది తిన్నట్టే ఖర్చయిపోతుంది, ఖాళీ కడుపుతో ఉంచితే రక్తంలో చక్కెర పడిపోతుంది, సోలిపోతుంది, ఒక్కోసారి మళ్ళీ లేవదు అని వివరంగా చెప్పాడు. మాంసం ఇష్టంలేని ఇళ్ళల్లో కుక్కకి పెట్టడానికి వేరే తిండి ఉంది, దానికో పద్ధతి ఉంది, పెరుగన్నం ఆ పద్ధతి కాదు అన్నాడు. ముందైతే రోజూ గుడ్డు పెట్టండి, తొందరగా కోలుకోవాలి అన్నాడు.

“ఉపవాసం మాత్రం ఇంకొక్కసారి కూడా పెట్టకండి. పెట్టాక నా దగ్గరికి తెచ్చినా లాభం ఉండదు.”

ఈ మాట ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అత్తయ్యగారు అంతా విన్నారు. డాక్టరుకి దాని ప్రాణం సంగతి తెలుసు, జన్మ సంగతి తెలుసా అని అడిగారు. అప్పుడు బయటపడింది ఆవిడ మనసులో ఉన్నది. అరుపులు మాన్పించడం ఎప్పుడో వెనకబడిపోయింది. ఇంత మంచి ప్రాణి కుక్కగా ఎందుకు పుట్టిందని ఆవిడ బాధ. ఈ నోములన్నీ చేయిస్తే వచ్చే జన్మలో మనిషై పుడుతుందని ఆశ. మనిషిగా పుట్టి ఏం బావుకుంటుంది అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మాటలు మింగడంలో నాకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది.

అయినా గుడ్డు పెట్టాను. ఆ ఇంట్లో గుడ్డు ఉడకడం అదే మొదలు. మా వీధిలో కొంటే గంటలో ఊరంతా తెలుస్తుందని, రైల్వేస్టేషన్ అవతలికి వెళ్ళి కొని, పైన కొత్తిమీర కట్టలు కప్పి తెచ్చేదాన్ని. దొంగసారా తెచ్చుకున్నట్టుంది నా వ్యవహారం. ఇంటి పైన, మేడ మీద ఒక మూల కరెంటు పొయ్యి, ఒక సత్తుగిన్నె. పెంకులు కాగితంలో చుట్టి బజారుకి వెళ్ళినప్పుడు పారేసేదాన్ని. మొదటిసారి గుడ్డు వలుస్తుంటే నాకు డోకొచ్చింది. పిల్ల మాత్రం నా చేతిలోంచి దాన్ని తింటూ, మధ్యమధ్య ఆగి నా ముఖంలోకి చూస్తూ, మళ్ళీ తింటూ, ఆఖరికి నా వేళ్ళు, సత్తుగిన్నె, గచ్చు అన్నీ నాకేసింది. అంత ఆశగా తినే ప్రాణిని అన్ని నెలలు ఒట్టి పెరుగన్నంతో కూర్చోబెట్టాం.

మూడు వారాలు తిరిగేసరికి ఒకరోజు కుక్కర్ కూసింది, పిల్ల అరిచింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చాను. తర్వాత లారీలకి మళ్ళీ బెదిరింపులు మొదలయ్యాయి. చెప్పులు మాయమయ్యాయి. కొత్త బొచ్చు మెత్తగా వచ్చింది. ఎదురింటివాళ్ళు, మళ్ళీ పాత రోగం మొదలైందే అన్నారు. మా ఆయన, అమ్మ బాధపడుతోంది, వాసన వస్తోందంటోంది అన్నారు. నాకు తెలుసు ఆవిడ బాధ. గుడ్డు తిన్న కుక్క పాదాలకి తగిలితే ఆవిడ మళ్ళీ తలస్నానం చేసేవారు. ఆ చలిలో, ఆ వయసులో, రోజుకి రెండుసార్లు. పిల్లకి అవన్నీ ఏం తెలుసు? పొద్దున్నే వెళ్ళి పాదాలకి ఆనుకునేది. ఆవిడ లాక్కుంటే ఇంకాస్త జరిగేది. ఆవిడ జుట్టు తడి ఆరకుండా తిరగడం చూస్తే నాకూ తప్పు చేస్తున్నట్టే ఉండేది.

ముక్కోటి ఏకాదశి దగ్గర పడింది. ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే ఆవిడే మేడ మీదికి వచ్చారు. రోజూ నీ ఇష్టం, ఆ ఒక్క రోజూ దాన్ని నాకొదిలెయ్యమ్మా అని అడిగారు. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అరుదు, చెప్పడమే అలవాటు. నేను కుదరదన్నాను. డాక్టరు మాట మళ్ళీ చెప్పాను. ఆవిడ దిగి వెళ్ళిపోయారు. ఒప్పుకున్నారనుకున్నాను.

పండగకి రెండు రోజుల ముందు జంగారెడ్డిగూడెంలో మా చెల్లెలికి నొప్పులొచ్చాయని ఫోనొచ్చింది. బస్సెక్కే ముందు గుడ్లు ఉడికించి మేడ మీద గిన్నెలో పెట్టాను. ఏ పూటకి ఎంత పెట్టాలో కాగితం మీద రాసి మా ఆయన జేబులో పెట్టాను. ఏకాదశి అయినా సరే, మీరు స్వయంగా పెట్టండి అని మూడుసార్లు చెప్పాను. ఆయన మూడుసార్లూ సరే అన్నారు. పిల్ల గేటుదాకా వచ్చి, నేను ఆటో ఎక్కుతుంటే ఆటోవాణ్ణి నానా మాటలూ అంది. అది నేను వినే దాని ఆఖరి గోల అని నాకు తెలియదు.

చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఏకాదశి నాడు మధ్యాహ్నం నాలుగింటికి, ఆసుపత్రి వరండాలో కాఫీ తాగుతుంటే మా ఆయన ఫోన్ చేశారు. పిల్ల పోయింది అన్నారు. వెంటనే, ఏకాదశి పూట పోయింది అని కూడా అన్నారు. నాకు ఓదార్పుగా ఉంటుందని.

ఏం పెట్టారని అడిగాను. ముందు అటూ ఇటూ చెప్పి, తర్వాత ఒప్పుకున్నారు. దశమి మధ్యాహ్నం ఒకసారి పెట్టారు. రాత్రి అమ్మ వద్దంది. ఏకాదశి పొద్దున్న గిన్నె తీసుకుని వెళ్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, ఈ ఒక్క రోజుకి నా మాట చెల్లనివ్వరా అంది. పండగపూట ఆవిణ్ణి ఏడిపించడం ఎందుకని ఆయన గిన్నె మళ్ళీ పైన పెట్టేసి గుడికి వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి దుకాణానికి. ఒక్క రోజేగా అనుకున్నాను అన్నారు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన మీద చెయ్యెత్తాలనిపించింది ఆ రోజే. ఆయన నలభై మైళ్ళ దూరంలో ఉన్నారు కాబట్టి సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే బస్సులో వచ్చేశాను. అప్పటికే గోడౌను వెనక కొబ్బరిచెట్టు దగ్గర పాతిపెట్టేశారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, తులసిదళం నోట్లో వేసి మరీ. ఇల్లు నిండా జనం. ద్వాదశి పారణకి వచ్చినవాళ్ళు కొందరు, సంగతి తెలిసి వచ్చినవాళ్ళు కొందరు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురింటావిడ నా రెండు చేతులూ పట్టుకుంది. వైకుంఠ ద్వారాలు తెరిచిన రోజున, ఉపవాసంతో, సహస్రనామం వింటూ పోయింది, మనలాంటివాళ్ళకి కూడా అలాంటి చావు దొరకదు అంది. ఆవిడ కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. ఇంకొకాయన, పుణ్యాత్మురాలు, దాన్ని సాకిన మీకూ అందులో భాగం ఉంటుంది అన్నాడు. ఒకామె వెళ్ళి పాతిన చోట దణ్ణం పెట్టుకొచ్చింది. కుక్క చచ్చిపోతే అభినందనలు చెప్పించుకున్న ఇల్లు మాదే అయి ఉంటుంది.

“ఆకలితో పోయిందండీ,” అన్నాను.

మా ఆయన నా చెయ్యి నొక్కారు. విదిలించుకున్నాను. మేం దానికి తిండి పెట్టలేదండీ, డాక్టరు వద్దని చెప్పినా పెట్టలేదండీ, అది వైకుంఠానికి పోలేదు, కడుపులో ఏమీ లేక పోయింది అని గట్టిగా చెప్పాను. ప్రయాణం బడలిక అని ఎవరో సర్దిచెప్పారు. పండగపూట అలాంటి మాటలు వద్దమ్మా అని ఇంకెవరో మందలించారు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చేసిన పులిహోర, పాయసం చేసినట్టే ఉన్నాయి. మా ఆయన పరువు పోయిందని కిందికి వెళ్ళిపోయారు.

అత్తయ్యగారు పారణ చెయ్యలేదు. గదిలో చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. దులిపెయ్యడానికి సరిపడా కోపం నా దగ్గర ఉంది. బస్సులో దారిపొడుగునా మాటలన్నీ పేర్చుకుని వచ్చాను. గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

పొద్దున్న అది మామూలుగానే గోల చేసిందట. పదింటికి మేడ మెట్ల తలుపు దగ్గరికి వెళ్ళి గీకిందట. గిన్నె పైన ఉందని దానికి తెలుసు. ఆవిడ వెళ్ళి తలుపు గడియ పెట్టారట. కాసేపు అక్కడే కూర్చుని, ఆవిడ దగ్గరికి వచ్చి, ముందుకాలు ఆవిడ మోకాలి మీద పెట్టి ముఖంలోకి చూసిందట. ఒక్క పూట ఓర్చుకో తల్లీ, రేపు నీకు నేనే పెడతాను అన్నారట. తర్వాత అది అరవలేదు.

“పుస్తకం తీశాను. వచ్చి పాదాలకి ఆనుకుని పడుకుంది. ఎంత సుఖంగా నిద్రపోతోందో అనుకున్నాను. కదిలితే లేస్తుందని రెండు గంటలు కాళ్ళు కదపలేదమ్మా. తిమ్మిరెక్కినా కదపలేదు.”

పేర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టి ఆవిడ ఎదురుగా చాప మీద కూర్చున్నాను. అలాగని కోపమూ పోలేదు. జాలి పక్కనే కోపం కూడా కూర్చుని ఉంది. ఆవిడ తన పాదాలకేసి చూసుకున్నారు.

“దానికి నా మీద కోపం వచ్చుంటుందంటావా?”

లేదండీ, దానికి మీరంటే ప్రాణం అని చెప్పొచ్చు. ఆవిడకి కావలసింది ఆ మాటే. చెప్పినా అబద్ధం కాదు. ఇరవై ఏళ్ళుగా అలాంటి మాటలే చెప్పి ఆ ఇంట్లో మంచి కోడలిననిపించుకున్నాను.

“దానికి రాదండీ అత్తయ్యగారూ,” అన్నాను. “నాకు వచ్చింది.”

ఆవిడ తలెత్తి నన్ను చూశారు. తిడతారనుకున్నాను. ఏడుస్తారనుకున్నాను.

“రావాలి,” అన్నారు.